ఆవలింత వినబడితే చాలు

బళ్లన్నీ మూతపడ్డాక లెక్కల పాఠం వంటిళ్లలోకి వచ్చిపడింది. గోడలో అమర్చిన యంత్రం పంతులమ్మకు ఆవలింత వినబడితే చాలు, పద్ధతి మార్చేస్తుంది. పొద్దున గవ్వలు, తర్వాత పాట, ఇప్పుడేమో చిక్కుడుకాయలు. ఆరేళ్ల కూతురికి అన్నీ అమర్చలేక హైమకు ఒళ్లు హూనమైంది.

"మా ఇందుజకి ఏ పద్ధతీ పడట్లేదా?" అని గోడను నిలదీసింది.

"పాపకి గవ్వలే నచ్చాయండి. కూడికలు చకచకా చేసేస్తోంది."

"మరి మార్చడమెందుకూ?"

"ఆవలిస్తున్నది మీరు కదండీ!"

ఇందుజ వెళ్లి తలగడ తెచ్చి గచ్చు మీద వేసింది.

"పడుకో అమ్మా. గవ్వలు నేను తెచ్చుకుంటాలే."

హైమ నడుం వాల్చిందో లేదో, గోడ గొంతు తగ్గించి అడిగింది.

"ఈ పద్ధతే ఉంచమంటారా?"