బూడిద ఎత్తేయాలి!

"ప్లాంటు మూసేయాలి!" పిడికిలి బిగించి అరిచింది లాండ్రీ అక్క.

"తప్పమ్మా, తప్పు. 'ప్రభుత్వమే బూడిద ఎత్తేయాలి!' అనాలి. మళ్ళీ మొదలుపెట్టు" అన్నాడు పెద్దాయన, ఓపిగ్గా.

రేపు మంత్రి వస్తున్నాడు. కాలనీ జనమంతా లాండ్రీ కొట్టులో చేరి నినాదాలు నేర్చుకుంటున్నారు.

కాలనీ వెనకే బూడిద చెరువు. చెరువంటే చేపలూ కలువలూ అనుకునేరు! కరెంటు ప్లాంటులో కాలిన బొగ్గు బూడిదను నీళ్ళలో కలిపి, పోసి పోసి, గట్టు దాకా నింపిన గొయ్యి అది. పైపొర ఎండితే చాలు, గాలికి లేచి ఇళ్ళ మీద పడుతుంది. అక్క తెల్లగా ఉతికి ఆరేసిన చొక్కా సాయంత్రానికి ఎలుక రంగుకొస్తుంది.

చొక్కాదేముంది, మళ్ళీ ఉతుక్కోవచ్చు. ఆమె ఏడేళ్ళ కూతురి ఊపిరితిత్తుల్ని ఎలా ఉతకడం? రెండు మెట్లెక్కితే పిల్లకి ఆయాసం. ఈ గాలి ఇలాగే ఉంటే పిల్ల దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

ఎన్ని అర్జీలు పెట్టినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ప్లాంటు గేటు దగ్గరికెళితే కాపలావాళ్ళు గెంటేవారు. లోపలివాళ్ళ మొహం ఎవరూ చూసిన పాపాన పోలేదు.

పెద్దాయన వచ్చాకే పని కదిలింది. నలిగిన చొక్కా, అరిగిన చెప్పులు. కాలనీ గోడు ఎవరో చెబితే విని వచ్చాడట. టెంట్లు, మైకు, బ్యానర్లు అన్నీ తనే చూసుకున్నాడు. పిల్లకి మందులు కూడా తెచ్చిచ్చాడు. "మీకెందుకు బాబాయ్ ఇంత శ్రమ?" అంటే, "నా మనశ్శాంతి కోసం తల్లీ" అనేవాడు. ఈ రోజుల్లో ఇలాంటి మనుషులు కూడా ఉన్నారా అని అక్క కళ్ళు తుడుచుకునేది.

"వాళ్ళు పోసిన బూడిద వాళ్ళే ఎత్తాలి కదండీ?" కొట్టులో కూర్చున్న కాలనీ ఆటో డ్రైవరుకి ఇంకా మింగుడుపడలేదు.

"న్యాయంగా అంతే నాయనా. కానీ వాళ్ళ జోలికెళితే కోర్టుకెక్కుతారు. అది తేలేసరికి మన మనవళ్ళకి మనవళ్ళు పుడతారు. అంతదాకా ఈ పసిదాని ఊపిరి నిలుస్తుందా? ప్రభుత్వాన్ని పట్టుకుందాం. అడగందే అమ్మయినా పెట్టదు."

అక్క కూతురి వంక చూసింది. "సరే బాబాయ్. మీరెలా చెబితే అలా."

మర్నాడు మంత్రి కారు దిగాడో లేదో, అక్క పిల్లనెత్తుకుని అడ్డం వెళ్ళింది. నేర్చుకున్న నినాదాలన్నీ గాలికి పోయాయి. "అయ్యా, నా బిడ్డ గుండె మీద చెయ్యేసి చూడండి!" అంటూ మంత్రి చెయ్యి లాగి పిల్ల రొమ్ము మీద పెట్టేసింది. పోలీసులు పరిగెత్తుకొచ్చారు. ఈలోగా లోపలి గరగర ఆయన అరచేతికి తగలనే తగిలింది. ఆయన మొహం పాలిపోయింది. ఎంతైనా మనిషే కదా! పైగా చుట్టూ కెమెరాలు.

"ఈ బూడిదంతా ప్రభుత్వమే ఎత్తించేస్తుంది! రేపటి నుంచే లారీలు!" అని అక్కడికక్కడే ప్రకటించేశాడు.

కాలనీ ఈలలతో దద్దరిల్లింది. అక్క వెక్కి వెక్కి ఏడుస్తూ పెద్దాయన కాళ్ళ మీద పడింది.

"లే తల్లీ, లే. ఇదంతా నీ చలవే" అన్నాడాయన.

జనం లాండ్రీ అక్కని భుజాల మీదికెత్తుకుని ఊరేగిస్తుంటే, పెద్దాయన మెల్లగా వీధి మలుపు తిరిగి, ప్లాంటు మేనేజరుకి ఫోన్ చేసి అన్నాడు: "'చెరువు నిండిపోయింది ఓనరు గారూ, ఇక బూడిద ఎక్కడ పొయ్యమంటారు?' అని నా ప్రాణం తోడేశావు కదయ్యా, గవర్నమెంటే ఖాళీ చేసి పెడుతోంది, ఆపి ఉంచిన ఆ రెండో బాయిలరు కూడా వెలిగించు!"