ఏడాదిలో చివరి అరగంట

“ఈ ధరకైతే మాకొద్దు బాబూ. పదవే, పోదాం,” అంటూ గడియారాలాయన కుర్చీలోంచి లేచాడు.

లేచాడే గానీ అడుగు ముందుకెయ్యలేదు. ఇలా లేవడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఆయనతోపాటు లేచిన భార్య ఈసారి లేవనేలేదు. ఆవిడకి మోకాళ్ల నొప్పి. ఆ మోకాళ్లు ఇక స్కూటరెక్కమని మొండికేశాయి గనకే ఇవాళ కారు బేరం దాకా వచ్చింది వ్యవహారం.

“అయ్యో, కూర్చోండి సార్! మేనేజరు గారిని ఇంకొక్కసారి అడిగొస్తాను,” అని సేల్స్‌మన్ కాగితం పట్టుకుని అద్దాల గదిలోకి పరిగెత్తాడు. నలభై దాటిన మనిషి, పాపం, పొద్దుటి నుంచీ తిరిగి తిరిగి టై చంకలోకి వచ్చేసింది.

గడియారాలాయన తాపీగా కూర్చుని చేతి వాచీ చూసుకున్నాడు. ఐదూ నలభై. గోడ గడియారం నిమిషన్నర ముందుందని ఆయన లోపలికి అడుగుపెట్టగానే కనిపెట్టేశాడు. గడియారాలు బాగుచేసే మనిషికి ఆ మాత్రం తెలియదా! కారు కొనడానికి కూడా ఆయన టైము చూసుకునే వచ్చాడు. ఏడాదికి చివరి రోజు, షోరూము మూసే ముందు చివరి అరగంట. రేపటి నుంచి కొత్త ధరలు. పాత ధరకి మిగిలింది హాలు మధ్యలో ఉన్న ఆ నీలం కారొక్కటే. పైగా గోడ మీది బోర్డులో ఈ సేల్స్‌మన్ టార్గెట్‌కి సరిగ్గా ఒక్క బండి తక్కువ.

“ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు, టార్గెట్ ధరెరగదు,” అని భార్య చెవిలో ఊదాడు.

“అది సరే గానీ, ఆ నీలం చూడండి, ఎంత ముద్దొస్తోందో!”

“దానికేసి చూడొద్దని ఇంటి దగ్గరే చెప్పానా? నువ్వు పళ్లికిలిస్తే ధర పెరుగుతుంది. మొహం చిరాగ్గా పెట్టు. మా అక్కయ్య నెల్రోజులుండడానికి వచ్చిందనుకో.”

ఆవిడ వెంటనే పెట్టింది. మరీ అంత సహజంగా పెడుతుందని ఆయన కూడా అనుకోలేదు.

సేల్స్‌మన్ రొప్పుతూ వచ్చాడు. “ఒప్పుకున్నారు సార్! మీరన్న అంకెకే! మేనేజరు గారు కుర్చీలోంచి పడబోయారు. ఇంత తక్కువకి మా దగ్గర ఇంతవరకూ ఒక్క బండి కూడా బయటికెళ్లలేదు!”

భార్య మొహంలోంచి ఆడపడుచు ఎగిరిపోయింది. చప్పట్లు కొట్టబోయి, మొగుడి చూపు పడగానే చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆయన గుండె కూడా గంతులేస్తోంది. కానీ వాచీ చూసుకుంటే ఇంకా పన్నెండు నిమిషాలుంది. ఇంత సులువుగా దిగొచ్చారంటే అడుగున ఇంకా ఉన్నట్టే కదా!

“నేనా మాటన్నది ఐదూ నలభైకి. ఇప్పుడు ఐదూ నలభై ఎనిమిది. ఈ ఎనిమిది నిమిషాల్లో మీ బండి రేటు పడిపోయిందయ్యా.”

బల్ల కింద భార్య ఆయన కాలు తొక్కింది. “తెగేదాకా లాగొద్దండీ!”

“ముప్ఫయ్యేళ్లుగా గడియారాలకి కీ ఇస్తున్నాను. ఎక్కడిదాకా తిప్పితే తెగుతుందో నాకు తెలీదూ?”

“అయితే ఈ ధరకి మీకొద్దా సార్?” సేల్స్‌మన్ కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు.

“వద్దు. ఇంకో మెట్టు దిగితేనే.”

“బాగా ఆలోచించుకునే అంటున్నారా?”

“ఎనిమిది నెలలుగా ఆలోచిస్తున్నానయ్యా!”

సేల్స్‌మన్ కాగితం మీది అంకె చూశాడు. బోర్డు చూశాడు. నుదురు తుడుచుకుని మళ్లీ గదిలోకి వెళ్లాడు.

మొగుడూ పెళ్లాలకి నవ్వాగలేదు. పిలక దొరికిందని ఆయనా, కారు దొరికిందని ఆవిడా.

“లోపలేం జరుగుతోందో చూడవే. నేను చూస్తే బాగుండదు.”

“మేనేజరు తల పట్టుకున్నాడండీ.”

“పట్టుకోనీ.”

“మనవాడు బతిమాలుతున్నాడు.”

“బతిమాలనీ.”

“అమ్మో, మేనేజరు లేచాడు! చెయ్యి కలిపాడు! కాగితాలు తీశాడండీ, సంతకాలు కూడా అయిపోతున్నాయి!”

తలుపు తోసుకుని సేల్స్‌మన్ ఒక్క దూకు దూకి, గుమ్మం పక్కన వేలాడుతున్న ఇత్తడి గంట పట్టుకుని ఖంగుఖంగున వాయించాడు. బండి అమ్ముడైతే గంట కొట్టడం ఆ షోరూము అలవాటట. క్యాషియరూ, తుడిచే ఆవిడా, వాచ్‌మనూ అందరూ చప్పట్లు కొట్టారు. భార్య మోకాళ్ల సంగతే మరిచిపోయి వెళ్లి కారు బానెట్‌ని కావలించుకుంది. గడియారాలాయన ఎన్నికల్లో నెగ్గినవాడిలా నలువైపులా చేతులూపి, సేల్స్‌మన్‌ని వాటేసుకుని గిరగిరా తిప్పాడు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లే.

“నే చెప్పలేదటే! అన్నిటికీ టైము చూసుకోవాలి! అయితే ఇంకో మెట్టు దిగారన్నమాట!”

“లేదు సార్. ఇందాకటి ధరే.”

“పోనీలే, దానికే తీసుకుంటాం. ఇంతమందిని సంతోషపెట్టాం. సంతకం ఎక్కడ పెట్టాలి?”

“సంతకాలైపోయాయి సార్. నేనే పెట్టేశాను.”

“నువ్వెందుకు పెట్టావయ్యా?”

సేల్స్‌మన్ నీలం కారు తాళంచెవిని రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఆయనకి వంగి దణ్ణం పెట్టాడు.

“పదేళ్లుగా నేనూ ఒక కారు కొనుక్కోవాలనే చూస్తున్నాను సార్. బేరమాడడమే చేతకాలేదు!”