తడి వేలు

వేలు నాలుకకి అద్దుకుని పుటలు తిప్పేవాళ్ళంటే ఆ మ్యూజియం సంరక్షకురాలికి ఒళ్ళు మంట. యూనివర్సిటీ లైబ్రరీ పై అంతస్తులోని ఆ మ్యూజియంలో, అద్దాల పెట్టెల్లో ఉన్న పాత పుస్తకాలని కన్నబిడ్డల్లా చూసుకునేది. ఒకే పుట వెలుతురుకి వెలిసిపోకుండా, అందరూ వెళ్ళిపోయాక వారానికో పుట తనే తిప్పేది.

ఆ రాత్రి వెళ్ళేసరికి పెద్ద పుస్తకం పుట అప్పటికే తిప్పేసి ఉంది. కింది మూల తడిగా మెరుస్తోంది.

"ఈ పెట్టె ఎవరు తెరిచారయ్యా?" అని గుమ్మంలో ఉన్న వాచ్‌మన్‌ని గద్దించింది.

"భలేవారే! తాళంచెవి మీ మెళ్ళోనే ఉంది కదమ్మా," అని నవ్వి, అతను కిటికీలు మూయడానికి కిందికి వెళ్ళిపోయాడు.

చెప్పుల చప్పుడు దూరమైంది. పెట్టెకి వేసిన తాళం వేసినట్టే ఉంది. ఆవిడ చూస్తుండగానే, లోపల పుట మూల కొద్దిగా లేచింది.

"ఎవరైనా సరే, తడి చేత్తో ముట్టుకోవద్దు!" అంది కోపంగా.

పుట వాలిపోయింది. గదంతా నిశ్శబ్దం. హమ్మయ్య అనుకుంది.

అప్పుడు వెనక, ఎవరో నాలుకకి వేలు అద్దుకున్న చిన్న చప్పుడు. చల్లటి తడి వేలొకటి ఆవిడ చెవి అంచుకి ఆనింది. పుట మూల ఎత్తినట్టే, మెల్లగా ఎత్తసాగింది.