వేలి మందం గడప

సామాను సర్దడం ఎంతసేపు మనవరాలా? ఈ కథలో నూకరత్నం ఒక్క పూటలో తేల్చేసింది. అమ్మానాన్నల నలభై ఏళ్ల మంచాలు, బిందెలు, బీరువాలు అడిగినవాళ్లకి ఇచ్చేసింది. అమ్మానాన్నలు వెళ్లేది విశాఖలో ముప్పయ్యో అంతస్తులో ఒక్క గదికి. అక్కడ తండ్రి పోలినాయుడిని లేవదీసి కూర్చోబెట్టడానికి ఒక రోబో ఉంది. తల్లి సూరీడమ్మ మాత్రం కదలనంది.

"ఆ గదికి గడప లేదటే. శుక్రవారం పసుపు ఎక్కడ రాయాలి? గడప లేనింటికి నాను రాను."

"రోబోకి చక్రాలే అమ్మా, గడపుంటే దాటలేదు. నాన్నని ఎవలు లేపుతారు?"

"ఇన్నాళ్లూ ఎవలు లేపినారేటి?"

"ఇప్పుడు నిన్ను లేపడానికే ఇంకొకరు కావాలే," అన్నాడు మంచంలోంచి పోలినాయుడు.

నూకరత్నం పాత గడపని ఊడదీయించి, వేలి మందం మిగిలేదాకా వడ్రంగి చేత చిత్రిక పట్టించి, రెండు వైపులా వాలు చెక్కించింది. పోలినాయుడిని కొత్త గదిలో మంచం మీద పడుకోబెట్టాక దాన్ని అక్కడి గుమ్మంలో బిగించారు. సూరీడమ్మ నిండుగా పసుపు రాసి, బొట్లు పెట్టి, కుడికాలు లోపల పెట్టింది.

బయట ఆగి ఉన్న రోబో వెనకాలే వచ్చి గడప ముందు ఆగింది. అది కాసేపు కొలుచుకుని, మెల్లగా ఎక్కి దిగింది. మంచం దాకా నేల మీద రెండు పసుపు చారలు పడ్డాయి.

"తుడవమంటారా?" అని అడిగింది రోబో.

"అవి ఉండనీ," అంది సూరీడమ్మ. "ముందు ఆయన్ని లేపు."

ఈ కథ మా అప్పకి, అదే మా అక్కకి, ఫోన్లో చదివి వినిపించు తల్లీ. గడప వదిలి రానని ఇంకా తన పాత ఇంట్లో ఒక్కర్తే కూర్చుంది.