చెరిపేసిన వాక్యం

ఇంటింటా ఉండే ఏఐ ఏజెంట్లు మనుషులు చెప్పుకున్న లక్ష్యాలను తమ జ్ఞాపకంలోంచి ఎలా వెతికి తెచ్చి గుర్తుచేయాలో సూచనలు రాయడం మందాకిని ఉద్యోగం. ఆమె రాసిందే వాటికి వేదవాక్కు.

"వదినా, చనిపోయిన మా పిల్లాణ్ణి ఏజెంటు ఇంకా రోజూ ఈతకు లేపుతోంది. ఆ పిలుపు ఆపించవా," అని పక్కింటి కమల బతిమాలింది.

తెల్లవారుజామునే కూర్చుని మందాకిని రాసింది: మనిషి చనిపోతే అతని లక్ష్యాలు గుర్తుచేయవద్దు.

అంతలో హాల్లోంచి తన ఇంటి ఏజెంటు పిలుపు. "శ్రీధరంగారూ, నడకకు వేళయింది. మఫ్లరు మరిచిపోకండి."

భర్త పోయాక ఆ ఇంట్లో ఆయన్ను పేరుపెట్టి పిలిచేది అదొక్కటే. మందాకిని ఆ వాక్యం చెరిపేసి, మిగతా సూచనలన్నీ పంపేసింది.

మర్నాడు గోడ అవతల ఏజెంటు పిల్లాణ్ణి లేపింది. వెంటనే కమల ఏడుపు. మందాకిని చెవులు మూసుకోబోయింది. తన ఇంట్లో పిలుపు వినపడదేమోనని ఆగిపోయింది.