ఊ కొట్టిందెవరు?

ఆరేసిన దుప్పట్ల అవతల ఎవరో కథ చెబుతున్నారు.

శోభారాణి చేతిలో తడి బట్ట అలాగే ఉండిపోయింది. ఈ ఎడారి దేశంలో, ముహర్రక్ ఎండకు జడిసి మిద్దె మీదికి మిట్టమధ్యాహ్నం ఎవరూ రారు.

“ఏడుగురన్నల చెల్లె అడివిల తప్పిపోయింది.”

గొంతు ఆగింది.

“ఊఁ,” అన్నారెవరో సన్నగా.

“పెద్దపులి ఎదురొచ్చింది.”

“ఊఁ.”

నెత్తి మీదుగా విమానం పోయింది. చెవులు గింగురుమనే చప్పుడు. ఆ గొంతు మాత్రం పెరగలేదు, తగ్గలేదు. మనిషన్నవాళ్లు అలా చెప్పరు. శోభారాణి అటు రెండడుగులు వేసింది.

“ఎవరక్కడ?”

కథ సాగుతూనే ఉంది.

దుప్పటి పక్కకు లాగింది.

నీళ్ల ట్యాంకు నీడలో ఒక ముసలామె. ఎదురుగా, తన వెంట వచ్చి ఎప్పుడు అటు పోయిందో, కూతురు కళ. ముసలామె అరచెయ్యి కళ గొంతు మీద ఉంది.

కళకు అయిదేళ్లు. పుట్టి ఇంతవరకు ఒక్క మాట అన్నది లేదు. సల్మానియా ఆసుపత్రికి తిరిగి తిరిగి శోభారాణి చెప్పులరిగాయి. ఇప్పుడూ ఆ నోరు మూసే ఉంది. మరి ఊ కొట్టిందెవరు?

“అవ్వా, చెయ్యి తియ్యి.”

ముసలామె తల కూడా తిప్పలేదు.

శోభారాణి బిడ్డను గుంజుకుని కిందికి ఉరికింది.

“వసీం చాచా, మిద్దె మీద ఆ ముసల్ది ఎవరు? దయ్యాలతోని మాట్లాడుతున్నది. నా బిడ్డ గొంతు పట్టింది.”

“గౌరవ్వ, బేటీ. మొన్ననే ఓనర్ ఇంట్ల పనికి వచ్చింది. ఆమెకు...” వాచ్‌మన్ వసీం ఏదో చెప్పబోయాడు.

వినే ఓపిక ఎవరికుంది?

“ఆమె ఉంటే మేముండం. ఓనర్‌కు చెప్పు.”

మర్నాటి నుంచి మిద్దె మీద కథ లేదు. శోభారాణి గుండె కుదుటపడింది.

వారం తర్వాత వంటింట్లో ఉండగా ముందుగదిలోంచి వినపడింది.

“ఊఁ.”

అదే సన్నటి గొంతు.

పొయ్యి ఆపి తొంగి చూసింది.

కళ గోడకెదురుగా కూర్చుని ఉంది. తన గొంతు మీద తనే చెయ్యి పెట్టుకుంది. “ఊఁ,” అంది మళ్లీ.

శోభారాణి బిడ్డను వాటేసుకుని భోరున ఏడ్చింది. కళ తల్లి చెయ్యి లాగి గొంతు మీద పెట్టుకుంది. తరవాతేమిటన్నట్టు చూసింది.

“అనగనగా...”

ఆ పైన రాలేదు. చెల్లెను పులి ఏం చేసిందో ఆమెకు తెలియదు. అసలు ఒక్క కథా రాదు.

బిడ్డను చంకనేసుకుని మెట్లు దిగింది.

“చాచా, గౌరవ్వను జర పిలువు. కాళ్లు మొక్కుత.”

“యాడికెల్లి పిల్వాలె? నువ్వు చెప్పిన నాడే ఓనర్ టికెట్ తీసిండు. ఖలాస్, ఊరికి పోయింది.”

“ఫోన్ నంబరన్న ఇయ్యి. రోజూ నా బిడ్డకు కథ చెప్పుమని అడుగుత.”

వసీం కళ వంక చూశాడు.

“ఫోన్ల ఏం లాభం బేటీ? ఆమెకు రెండు చెవులు వినపడయ్. పోరి ఊ కొట్టిందో లేదో గొంతు ముడితేనే ఎర్కయితది.”