నెమ్మదిగా నడిపే బండి

“నిజం చెప్పు బావా. బండిని ఎంత స్పీడులో నడుపుతావు?”

బావ తల దించుకున్నాడు. జుట్టు నెరిసేదాకా స్టీరింగు పట్టినవాడు. ఇప్పుడు భార్య తమ్ముడి షెడ్డులో, బోర్లించిన డబ్బా మీద కూర్చుని, పరీక్ష తప్పిన పిల్లాడిలా జవాబు కోసం వెతుక్కుంటున్నాడు.

“ఇరవై. మహా అయితే పాతిక.”

బావమరిది చేతిలోని స్పానరు పక్కన పడేశాడు. చుట్టుపక్కల ఏ డీజిల్ బండి మొరాయించినా అతని దగ్గరికే తోలుకొస్తారు.

“పాతికా! దానికంటే సైకిలు నయం కదా. టూరిస్టులకి ఒక్కో గోడా చూపిస్తూ తిప్పుతున్నావా ఏంటి?”

బావ డబ్బా మీద ఇబ్బందిగా కదిలాడు.

“చూడు బావా. పొగగొట్టంలో ఒక ఫిల్టరుంటుంది. మసినంతా అదే పట్టుకుంటుంది. బండి కాసేపు ఊపుగా పరిగెడితే ఫిల్టరు బాగా కాగి, ఆ మసి దానంతటదే కాలిపోతుంది. నువ్వు దాన్ని కాగనిస్తే కదా! రోజూ ఎంత దూరం వెళ్తావు?”

“ఊళ్ళోనే. ఊరి చివరిదాకా.”

“మధ్యలో ఆగితే ఇంజనాపుతావా?”

“ఆపను. లోపల చల్లగా ఉండాలి కదా.”

“సరిపోయింది! నిలబెట్టి ఇంజన్ తిప్పితే మసి కాక మరేం పోగవుతుంది? మీటర్లో పసుపు లైటు వెలగలేదా?”

“వెలిగింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.”

బావమరిది నుదురు కొట్టుకున్నాడు. “బండిలో ఎక్కినవాళ్ళయినా కాస్త తొందరగా పోనీ అనరా?”

“ఇంతవరకూ ఎవరూ అనలేదురా.”

ఆ మాట అంటున్నప్పుడు బావకి మొన్నటి సంగతి కళ్ళముందు మెదిలింది. నడిరోడ్డు మీద ఎర్ర లైటు వెలిగి, బండి శక్తంతా పోయి, నాలుగు సార్లు దగ్గి ఆగిపోయింది. ఎంత తిప్పినా మళ్ళీ స్టార్టు కాలేదు. వెనక కార్లలో వస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. ఏమీ మాట్లాడకుండా వచ్చి బండి తోశారు. ఒక ముసలాయన చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. ఆయన పక్కన ఒకావిడ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ఏడుస్తూనే ఒక చెయ్యి వేసింది.

ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. అద్దంలో ఆ ముసలాయన మొహం చూడలేక, బావ ఆ అద్దాన్నే పక్కకి తిప్పేశాడు.

సాయంత్రం ఓనరు మాత్రం తిట్టాడు. ఇంకోసారి ఇలా జరిగితే వేరే డ్రైవర్ని చూసుకుంటానన్నాడు. అది అంత బాధ అనిపించలేదు. ఆవిడ చెయ్యే మర్చిపోలేకపోతున్నాడు.

“బండి ఇక్కడికి తోలుకురా, చూస్తాను,” అన్నాడు బావమరిది.

“తేలేను. నువ్వే రారా. అక్కకి మాత్రం చెప్పకు.”

మర్నాడు పొద్దున బావమరిది పెట్టె భుజాన వేసుకుని, ఈల వేసుకుంటూ బావ చెప్పిన సందు మలుపు తిరిగాడు. బండి కనపడగానే ఈల ఆగిపోయింది.

“ఇదా బావా, నీ బండి?”

“ఇదే.”

“ముందే చెప్పొచ్చుగా.”

“ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

బావమరిది పెట్టె తెరిచాడు. కంప్యూటరు తగిలించాడు. గొట్టాల్లో చీలికలున్నాయేమో తడిమి చూశాడు. పొగ తిరిగే వాల్వు అంటుకుపోయిందేమో చూశాడు. సెన్సర్లు ఒక్కొక్కటే పరీక్షించాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఫిల్టరు మాత్రం గొంతుదాకా మసితో నిండి ఉంది. మొండికేసిన ఇంజన్ని ఎలాగో బతిమాలి స్టార్టు చేశాడు.

“వెనక ఎవరూ లేరుగా?”

“ఇవాళ ఎవరూ లేరు.”

“అయితే పద, పెద్ద రోడ్డెక్కిద్దాం. నేను ఆపమనేదాకా కాలు తీయకు.”

పెద్ద రోడ్డు మీద బావ కాలు పెడల్ని ముట్టుకుని వెనక్కి వచ్చేస్తోంది. ఏదో రాకూడని చోటికి వచ్చినవాడిలా మెడ భుజాల్లోకి ముడుచుకుపోయింది.

“తొక్కు బావా!”

తొక్కాడు. నలభై. అరవై. ఇంజన్ గొంతు మారింది. కాలుతున్న వాసన కొద్దిగా లోపలికొచ్చింది. బావమరిది ఒళ్ళో ఉన్న తెర మీద మసి అంకె నెమ్మదిగా దిగుతోంది.

“చాలురా, సిగ్గుగా ఉంది. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. మధ్యలో ఆపితే మొదటికొస్తుంది. ఇంకా తొక్కు!”

ఎనభై. ఒక లారీని దాటారు. లారీ డ్రైవరు కిటికీలోంచి సగం బయటికొచ్చి చూశాడు. బస్టాపులో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. బావ చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బావమరిది అది గమనించి రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. “ఇకనుంచి వారానికోసారి ఇలా ఖాళీగా పరిగెత్తించాలి. నువ్వొక్కడివే వెళ్ళడానికి మొహమాటపడతావు. నేనూ వచ్చి పక్కన కూర్చుంటాలే.”

బావ పెడల్ మీంచి కాలు తీయలేదు.

దారి పొడవునా జనం పనులాపి, నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. శవాల బండి అంత పరుగు తీయడం వాళ్ళెవరూ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు మరి.